హెక్సాగన్ గ్రిడ్: అపోహలు - వాస్తవాలు

రోడ్డు ప్రమాదాలో, డెంగీ కేసులో, పాయింట్ల డేటా (ఎక్కడెక్కడ జరిగాయో చూపే చుక్కలు) చేతికి రాగానే తేనెపట్టులాంటి హెక్సాగన్, అంటే షడ్భుజుల గ్రిడ్ పరిచి రంగులు వేయడం ఇప్పుడు మామూలైపోయింది. మ్యాపు ముచ్చటగా ఉంటుంది కాబట్టి మీటింగులో ఎవరూ అడ్డుప్రశ్నలు వేయరు. వేయాల్సినవి చాలానే ఉన్నాయి.

అపోహ: స్పేసింగ్ 1000 మీటర్లు ఇస్తే చదరపు కిలోమీటరు గడి వస్తుంది.

రాదు. మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లోని క్రియేట్ గ్రిడ్ టూల్‌లో ఆ అంకె షడ్భుజి ఎదురెదురు భుజాల మధ్య దూరం. వైశాల్యం కావాలంటే ఆ దూరపు వర్గాన్ని 0.866తో గుణించాలి. అంటే 1000కి వచ్చేది 0.87 చదరపు కిలోమీటరే. సరిగ్గా ఒకటి కావాలంటే 1075 దగ్గర పెట్టాలి. ఇంకో తమాషా ఏంటంటే, హెక్సాగన్ ఎంచుకున్నాక హారిజాంటల్ స్పేసింగ్‌ని ఎంత మార్చినా ఆకారం మారదు, వెర్టికల్ అంకె నుంచే అడ్డం కొలత కట్టుకుంటుంది. మరో మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ ఆర్క్‌జీఐఎస్ ప్రోలోని జెనరేట్ టెస్సెలేషన్ టూల్ మాత్రం నేరుగా వైశాల్యమే అడుగుతుంది. దాని అలవాటుతో క్యూజీఐఎస్‌లో అంకె కొడితే కంటికి తేడా తెలియదు. రిపోర్టులో 'చదరపు కిలోమీటరుకు ఇన్ని కేసులు' అని రాసినప్పుడు మాత్రం లెక్క 13 శాతం తగ్గిపోతుంది.

అపోహ: ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునైన మ్యాపుగా మార్చే పద్ధతి) ఏదైనా ఒకటే.

బేస్‌మ్యాప్ (వెనక పరిచే మ్యాపు) వెబ్ మెర్కేటర్ ప్రొజెక్షన్‌లో ఉంది కదా అని ఆ కోడ్ 3857లోనే గ్రిడ్ గీసేస్తారు. హైదరాబాద్ అక్షాంశం దగ్గర ఆ గడి నేల మీద అనుకున్నదానికన్నా 9 శాతం చిన్నది. నేరుగా అక్షాంశ రేఖాంశాలు వాడే 4326లో కొలత డిగ్రీల్లో ఉంటుంది, షడ్భుజి అడ్డంగా నొక్కుకుపోతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖలకు యూటీఎం ప్రొజెక్షన్‌లో 44వ జోన్ (నిలువు పట్టీ) ఉత్తరం, అంటే కోడ్ 32644 చాలు. జహీరాబాద్, అనంతపురం 78 డిగ్రీల రేఖాంశానికి పడమరన ఉన్నాయి కాబట్టి 43వ జోన్‌లో పడతాయి. రాష్ట్రం మొత్తానికైతే వైశాల్యాన్ని మార్చని ఆల్బర్స్ ఈక్వల్ ఏరియా ప్రొజెక్షన్ వాడండి.

అపోహ: చతురస్రం కన్నా షడ్భుజి ఎప్పుడూ మేలు.

ఆరు పొరుగు గళ్లూ ఒకే దూరంలో ఉండటం నిజంగా లాభమే. కానీ చతురస్రాన్ని నాలుగు చిన్న చతురస్రాలుగా కోయొచ్చు, షడ్భుజిని షడ్భుజులుగా కోయలేం. ఊబర్ వాళ్ల హెచ్3 అనే షడ్భుజుల గ్రిడ్‌లోనూ ఏడు పిల్ల గళ్లు తల్లి గడిలో కచ్చితంగా ఇమడవు. శాటిలైట్ రాస్టర్‌తో (చదరపు పిక్సెళ్ల చిత్రంతో) పనైతే నేను చతురస్రమే వాడతాను.

అపోహ: ముదురు రంగు గడే ప్రమాదకరమైన చోటు.

కౌంట్ పాయింట్స్ ఇన్ పాలిగాన్ టూల్ ఇచ్చేది ఒక్కో గడిలో ఎన్ని పాయింట్లున్నాయన్న ఉత్త లెక్క. వాహనాలు ఎక్కువ తిరిగే కూడలిలో ప్రమాదాలూ ఎక్కువే నమోదవుతాయి, కాబట్టి ట్రాఫిక్‌తోనో జనాభాతోనో భాగించకుండా ఏమీ చెప్పలేం. పైగా గ్రిడ్ ఎక్కడ మొదలైందన్నదీ ముఖ్యమే. ఎక్స్‌టెంట్‌ని (గ్రిడ్ పరిచే హద్దుని) అర గడి జరిపి మళ్లీ రన్ చేసి చూడండి. నిన్నటి ఎర్ర గడి రెండు నారింజ గళ్లుగా చీలిపోతే అది హాట్‌స్పాట్ అని బాసుకి చెప్పకండి.

అపోహ: గడి ఎంత చిన్నదైతే అంత కచ్చితం.

తెలంగాణ 1,12,077 చదరపు కిలోమీటర్లు. 100 మీటర్ల స్పేసింగ్‌తో దాదాపు కోటీ ముప్పై లక్షల గళ్లు కావాలి. వాటిలో చాలావాటిలో సున్నాయే ఉంటుంది, ల్యాప్‌టాప్ ఫ్యాన్ మాత్రం మోగుతూనే ఉంటుంది. ఆ సున్నాలను తీసేసే ముందు, అక్కడ నిజంగా కేసుల్లేవా, అసలు సర్వేనే జరగలేదా అన్నది డేటా ఇచ్చినవాళ్లను అడిగి తెలుసుకోండి.