కుటుంబంతో పిల్లల హోమ్‌కి వస్తున్నారా? అపోహలు - వాస్తవాలు

"మేడం, ఆదివారం మా పాప పుట్టినరోజు. మీ హోమ్‌లో పిల్లలందరికీ భోజనం పెట్టిద్దామనుకుంటున్నాం. మా పిల్లల్ని కూడా తీసుకొస్తాం, ఇలాంటి పిల్లలు ఉంటారని వాళ్లకీ తెలియాలి కదా!"

ఆడపిల్లల హోమ్‌లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్న నాకు ఇలాంటి ఫోన్ రాని వారం ఉండదు. ఫోన్ చేసేవాళ్లు మంచివాళ్లే, ఏదో ఒకటి చేయాలని తపన ఉన్నవాళ్లే. కానీ హోమ్ గురించి, అందులో ఉండే పిల్లల గురించి వాళ్లు నమ్మే మాటల్లో సగం తప్పులు. వాటి భారం పిల్లల మీద పడుతోంది కాబట్టి రాస్తున్నాను.

అపోహ: ఒక్క రోజు వెళ్లి ప్రేమగా గడిపినా పిల్లలకి సంతోషమే. నష్టమేముంది?

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. మా దగ్గరున్న పిల్లల్లో చాలామందిని ఎవరో ఒకరు అప్పటికే వదిలేసి వెళ్లారు. "రెండు రోజుల్లో వస్తా" అని చెప్పి తల్లి తిరిగి రాని పిల్లలున్నారు. అలాంటి పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, జడలు వేసి, వెళ్లేటప్పుడు "మళ్లీ వస్తాం బంగారం" అంటే మీరు ఇంటికెళ్లేసరికి మర్చిపోతారు. ఆ పిల్ల మర్చిపోదు.

ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, రెండో తరగతి చదివే పాప. వాళ్ల పాపకీ మా దగ్గరున్న తొమ్మిదేళ్ల అమ్మాయికీ గంటలో స్నేహం కుదిరింది. అష్టాచెమ్మా ఆడారు, ఒకే ప్లేట్లో తిన్నారు. వెళ్లేటప్పుడు ఆ తల్లి, "వచ్చే ఆదివారం వస్తాం, నీకో గౌను తెస్తా" అంది. ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి తలంటు పోసుకుని, ఉన్నవాటిలో మంచి గౌను వేసుకుని గేటు పక్కన అరుగు మీద కూర్చుంది. టిఫిన్‌కి పిలిస్తే రాలేదు. కారు చప్పుడైన ప్రతిసారీ లేచి నిలబడింది. మధ్యాహ్నం ఆయమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. పిల్ల ఏడవలేదు. బుధవారం స్కూల్లో పక్కపిల్ల నోటుబుక్కు చింపేసిందని టీచర్ కంప్లయింట్ చేశారు. ఆ తర్వాత చాలా రోజులు, ఎవరు వచ్చినా హాల్లోకి రానంది. ఆ కుటుంబానికి ఇదేమీ తెలియదు. ఏదో పని పడి ఉంటుంది, వాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. "ఈ వారం కుదరడం లేదు" అని ఒక్క ఫోన్ చేసి ఉంటే, ఆ పిల్లకి చెప్పడానికి మా దగ్గర ఒక మాటైనా ఉండేది.

ఇంకో సంగతి. రాగానే మెడకి చుట్టుకునే పిల్లల్ని చూసి "ఎంత ప్రేమో!" అని చాలామంది కళ్లనీళ్లు పెట్టుకుంటారు. పిల్ల ముక్కూమొహం తెలియనివాళ్ల మీద అంత తొందరగా వాలిపోతుంటే మాకు టెన్షన్‌గా ఉంటుంది. ఎవరు పిలిచినా వెళ్లిపోయే పిల్లని మోసం చేయడం చాలా తేలిక. ఎవరు మనవాళ్లు, ఎవరు కొత్తవాళ్లు అన్న తేడా నేర్పడానికి మాకు నెలలు పడుతుంది. వారానికో కొత్త కుటుంబం వచ్చి ముద్దులు పెట్టి వెళ్తుంటే ఆ నేర్పిందంతా పోతుంది.

కాబట్టి ఒక్కసారే వచ్చేవాళ్లయితే ఆ మాటే చెప్పండి. "మాది వేరే ఊరు, ఈ రోజు మీతో ఆడుకుని వెళ్తాం" అంటే పిల్లలు అర్థం చేసుకుంటారు, హాయిగా ఆడుకుంటారు. మళ్లీ వచ్చే ఉద్దేశం ఉంటే ముందు మాతో మాట్లాడి, కచ్చితంగా రాగలిగిన తేదీ చెప్పండి. మా దగ్గరికి ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం నెలనెలా రెండో ఆదివారం వస్తుంది. ఆయన పదో తరగతి వాళ్లకి లెక్కలు చెప్తారు, ఆవిడ చిన్నపిల్లల చేత తెలుగు చదివిస్తారు, వాళ్ల అబ్బాయి క్యారమ్స్ ఆడతాడు. ఉండేది రెండు గంటలు, చేతిలో ఏమీ తీసుకురారు. హాల్లో క్యాలెండర్ మీద ఆ తేదీకి పిల్లలే పెన్నుతో సున్నా చుడతారు. ఓసారి బాబుకి జ్వరం వస్తే ఆయన శనివారమే ఫోన్ చేశారు. నాకు చెప్పి ఊరుకోలేదు, పదో తరగతి అమ్మాయిని పిలిపించుకుని, "రేపు రాలేనమ్మా, త్రికోణమితిలో మొదటి అభ్యాసం మీరు చేసి ఉంచండి, వచ్చాక చూస్తాను" అన్నారు. చేసి ఉంచారు.

అపోహ: అక్కడున్నవాళ్లంతా అనాథలు.

వాస్తవం: కాదు. మా దగ్గర ఎక్కువమందికి తల్లో తండ్రో అమ్మమ్మో ఉన్నారు. ఇంట్లో తాగుడు, జబ్బు, హింస, ఆపిన బాల్యవివాహం, పనిలోంచి విడిపించిన కేసు, ఇలా ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. జిల్లా బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) ఉత్తర్వు మీద వస్తారు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం హోమ్ ఆఖరి మార్గం మాత్రమే, ఇంటి పరిస్థితి చక్కబడితే పిల్లని ఇంటికే పంపాలి. అందుకే "మీ అమ్మానాన్న ఏమయ్యారు?" అని అడగొద్దు. మీ పిల్లలకీ ఇంటి దగ్గరే చెప్పి తీసుకురండి. ఏ క్లాసు, ఏ ఆట ఇష్టం, ఇవి అడిగితే చాలు. ఇంకా ఒక్క మాట: "చూడు, వాళ్లకేమీ లేవు, నువ్వేమో అన్నం పారేస్తావ్" అని మీ పిల్లల్ని మా పిల్లల ముందు కోప్పడకండి. వాళ్లకి వినిపిస్తుంది.

అపోహ: ఫొటోలు పెడితే పదిమందికి స్ఫూర్తి.

వాస్తవం: ఆ చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం పిల్ల పేరు, ఫొటో, స్కూలు, ఆనవాలు దొరికే ఏ వివరమూ బయటపెట్టకూడదు. ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మొహం మీద ఎమోజీ పెట్టినా యూనిఫాం, వెనక బోర్డు కనిపిస్తే చాలు. ఎవరి నుంచి ఆ పిల్లని కాపాడి తెచ్చామో వాళ్ల ఫోన్లో కూడా వాట్సాప్ ఉంటుంది.

అపోహ: నచ్చిన పిల్లని హోమ్‌వాళ్లని అడిగి పెంచుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. దత్తత కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ అయిన కారా ద్వారానే. పద్ధతి తప్పి బిడ్డని ఇచ్చినా తీసుకున్నా అదే చట్టంలోని 80వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. 2021లో కరోనా సమయంలో "తల్లిదండ్రులు పోయిన పిల్లలున్నారు, కావాలంటే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని మెసేజ్‌లు తిరిగాయి. ఇప్పటికీ వస్తున్నాయి. దయచేసి ఫార్వర్డ్ చేయకండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. పిల్లల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే దంపతుల బాధ నాకు తెలుసు. ఆ తొందరలోనే దళారుల చేతిలో పడతారు.

కొందరు తల్లులు గొంతు తగ్గించి అడుగుతారు: "మా పిల్లలకి ఏమైనా అంటుకుంటుందా? చెడు మాటలు నేర్చుకుంటారా?" అడగడానికి మొహమాటపడకండి, బిడ్డ తల్లికి ఆ భయం ఉంటుంది. పిల్లలకి డాక్టర్ పరీక్షలు జరుగుతూనే ఉంటాయి. పేలు ఉండొచ్చు, మీ పిల్లల స్కూల్లోనూ ఉంటాయి. మీ పిల్లల పక్కనే మీరు ఉండండి. మేమూ మా పిల్లల్ని బయటివాళ్లతో గదిలో ఒంటరిగా వదలం. ఇంటికెళ్లాక మీ బాబు దిగులుగా ఉంటే మాట మార్చకండి, అడగనివ్వండి.

పెళ్లిలో మిగిలిన భోజనం రాత్రి పదకొండింటికి పంపొద్దు. చిరిగిన బట్టలు వద్దు. ఆగస్టు 15న, జనవరి 1న స్వీట్లు ఎక్కువైపోతాయి, ఆ రోజులు వదిలేయండి.

వచ్చే ముందు సూపరింటెండెంట్‌కి ఫోన్ చేయండి, ఆధార్ తెచ్చుకోండి. మీకు తెలియని హోమ్ అయితే రిజిస్ట్రేషన్ ఉందా లేదా అని జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగండి, అది లేకుండా హోమ్ నడపడం నేరం. మా దగ్గర సంక్రాంతి సెలవులు అయిన దగ్గర్నుంచి పదో తరగతి పరీక్షల దాకా లెక్కలు, ఇంగ్లీషు చెప్పేవాళ్లకి కొరత. వారానికి ఒక్క సాయంత్రం రాగలిగితే, భోజనం సంగతికంటే ముందు ఆ మాట చెప్పండి.