కృష్ణబిలం చుట్టూ జిగట, అయస్కాంతం: అపోహలు - వాస్తవాలు

కృష్ణబిలాల చుట్టూ తిరిగే వాయువు ఎలా ప్రవహిస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా వృత్తి. గుంటూరు, విజయవాడ కళాశాలల్లో ఈ విషయం మీద మాట్లాడినప్పుడల్లా దాదాపు అవే అపోహలు ఎదురవుతుంటాయి. వాటిలో కొన్ని, విచిత్రంగా, భౌతికశాస్త్రం బాగా చదివినవారిలోనే ఎక్కువ.

అపోహ: కృష్ణబిలం దగ్గరలో ఉన్న ప్రతిదాన్నీ లాగేసుకుంటుంది.

ప్రకాశం బ్యారేజీ దగ్గర సుడిగుండాలను చూసినవారు కృష్ణబిలాన్ని కూడా అలాగే ఊహించుకుంటారు. సూర్యుడి స్థానంలో అంతే ద్రవ్యరాశి గల కృష్ణబిలాన్ని ఉంచితే భూమి ఇప్పటి కక్ష్యలోనే తిరుగుతుంది. కృష్ణబిలానికి జంటగా ఉన్న నక్షత్రం నుంచి జారివచ్చే వాయువుకు కోణీయ ద్రవ్యవేగం (ద్రవ్యరాశి, వేగం, కేంద్రం నుంచి దూరం కలిసి నిర్ణయించే భ్రమణ పరిమాణం) ఉంటుంది కాబట్టి అది కూడా పళ్లెంలా పరుచుకుని తిరుగుతూనే ఉంటుంది. సూర్యుడికి పది రెట్ల ద్రవ్యరాశి ఉండి, తన చుట్టూ తాను తిరగని కృష్ణబిలం విషయంలో కేంద్రానికి సుమారు 90 కిలోమీటర్ల దగ్గరికి వచ్చేవరకు స్థిరమైన కక్ష్యలు సాధ్యమే. లోపలికి పడాలంటే వాయువు తన కోణీయ ద్రవ్యవేగాన్ని ఎవరికైనా అప్పగించాలి. మా రంగంలో అసలు ప్రశ్న, అది ఎవరికి, ఎలా అప్పగిస్తుందన్నదే.

అపోహ: జిగట ఎక్కువైతే ప్రవాహం నెమ్మదిస్తుంది.

నీళ్లకన్నా ఆముదం, ఆముదంకన్నా బెల్లం పాకం నెమ్మదిగా జారుతాయని తెలిసినవారు ఇలా అనుకోవడంలో తప్పు లేదు. ఈ పళ్లెంలో మాత్రం అంతా తారుమారు. లోపలి పొర వేగంగానూ, దాని పక్కనున్న బయటి పొర కొంత నెమ్మదిగానూ తిరుగుతాయి. రెండింటి మధ్య రాపిడి ఉంటే లోపలి పొర తన కోణీయ ద్రవ్యవేగంలో కొంత బయటి పొరకు ఇచ్చి మరింత లోపలికి జారుతుంది. కనుక జిగట ఎంత ఎక్కువైతే పదార్థం అంత త్వరగా లోపలికి చేరుతుంది. జిగట అసలు లేకపోతే ఎన్నటికీ చేరదు. ఇంకో వింత ఏమిటంటే, రాపిడికి గురైన ఆ పొర వేగం తగ్గదు, పెరుగుతుంది. వాతావరణపు పై అంచుల్లో గాలి ఒరుసుకునే ఉపగ్రహం కిందికి దిగుతూ వేగం పుంజుకోవడం కూడా ఇలాంటిదే. పడేటప్పుడు విడుదలయ్యే శక్తిలో సగం ఆ వేగానికి పోగా, మిగిలిన సగం వేడిగా మారి ఎక్స్ కిరణాలుగా బయటికి వస్తుంది. హైడ్రోజన్ హీలియంగా మారినప్పుడు ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తి అవుతుంది. ఇక్కడ కృష్ణబిలం భ్రమణాన్ని బట్టి అది సుమారు 6 నుంచి 42 శాతం వరకు ఉండవచ్చు.

అపోహ: ఆ రాపిడి వాయువు కణాలు ఒకదానితో ఒకటి ఢీకొనడం వల్లే వస్తుంది.

లెక్క వేస్తే ఇది ఏమాత్రం సరిపోదు. ప్రవాహపు ఊపుతో పోలిస్తే జిగట ఎంత తక్కువో చెప్పేది రెనాల్డ్స్ సంఖ్య; ఈ పళ్లేల్లో అది నూరు లక్షల కోట్లను మించుతుంది. అంటే కణాల రాపిడి మీదే ఆధారపడితే పదార్థం లోపలికి చేరడానికి కోట్ల సంవత్సరాలు కావాలి. ఆకాశంలో మనం చూసే ఎక్స్ కిరణాల విజృంభణలేమో (పళ్లెం ఉన్నట్టుండి ప్రకాశించడాలు) కొన్ని వారాల్లో, నెలల్లో ముగుస్తాయి. ఈ తేడాను పూడ్చేది బలహీనమైన అయస్కాంత క్షేత్రం. ప్లాస్మాలో, అంటే విద్యుదావేశం పొందిన వేడి వాయువులో, అయస్కాంత బలరేఖ రబ్బరు తాడులా పనిచేస్తుంది. లోపల ఒక ముద్ద, బయట ఒక ముద్ద ఆ తాడుకు కట్టి ఉన్నాయనుకోండి. ముందుకు పరుగెత్తే లోపలి ముద్దను తాడు వెనక్కి లాగుతుంది. అది కోణీయ ద్రవ్యవేగం కోల్పోయి ఇంకా లోపలికి దిగి ఇంకా వేగంగా తిరుగుతుంది. తాడు మరింత సాగుతుంది. కొద్ది భ్రమణాల్లోనే పళ్లెమంతా కల్లోలమవుతుంది. ఈ అస్థిరతను 1959లో వెలిఖోవ్, 1960లో మన చంద్రశేఖర్ లెక్కగట్టారు. కానీ వారు చూసింది రెండు స్తూపాల మధ్య తిరిగే విద్యుద్వాహక ద్రవాన్ని. అది ఈ పళ్లేలకు ప్రాణం వంటిదని 1991లో బాల్బస్, హాలీ చూపేవరకు మూడు దశాబ్దాలపాటు ఎవరికీ పెద్దగా తట్టలేదు. సమాధానం గ్రంథాలయంలోనే ఉందన్న సంగతి నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది.

అపోహ: కృష్ణబిలం ఒక బ్రహ్మాండమైన అయస్కాంతం, క్షేత్రం ఎంత బలంగా ఉంటే అంత మేలు.

కృష్ణబిలానికి సొంత అయస్కాంత క్షేత్రం నిలవదు. ఉన్నదంతా చుట్టూ ఉన్న ప్లాస్మాలోని విద్యుత్ ప్రవాహాలది. 2021లో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ (ఒకటిగా పనిచేసే రేడియో టెలిస్కోపుల సముదాయం) బృందం, ఎమ్87 అనే గెలాక్సీ కేంద్రంలోని కృష్ణబిలం దగ్గరి కాంతి ధ్రువణాన్ని, అంటే కాంతి తరంగాలు ఊగే దిశను బట్టి అక్కడి క్షేత్రం 1 నుంచి 30 గాస్‌లని అంచనా వేసింది; భూమి ఉపరితలం మీద అది సుమారు అర గాస్. వాయువు అక్కడ అంత పలుచన కాబట్టి ఆ కొద్దిపాటి క్షేత్రమే దాన్ని అడ్డగించగలదు, ధారలుగా బయటికి చిమ్మడానికి తోడ్పడగలదు. క్షేత్రం మరీ బలపడితే పైన చెప్పిన తాడు సాగనే సాగదు, అస్థిరత అణగిపోతుంది. పెద్ద నక్షత్రాలు పేలాక మిగిలే న్యూట్రాన్ నక్షత్రాల కథ వేరు. విజయవాడ నుంచి గుంటూరుకు వెళ్లే దారిలో ఇమిడిపోయేంత చిన్న ఆ గోళాల్లో కొన్నింటికి లక్ష కోట్ల గాస్‌ల క్షేత్రం ఉంటుంది. అది పళ్లేన్ని వేల కిలోమీటర్ల దూరంలోనే తెగ్గొట్టి, పదార్థాన్ని ధ్రువాల మీదికి మళ్లిస్తుంది. హెర్క్యులిస్ ఎక్స్-1 అనే న్యూట్రాన్ నక్షత్రం ప్రతి 1.24 సెకన్లకు ఒకసారి ఎక్స్ కిరణాల్లో మినుకుమనడం దీనివల్లే.

అపోహ: పళ్లెంలో జిగటను తెలిపే ఆల్ఫా అనే సంఖ్య ప్రకృతి స్థిరాంకం.

షకూరా, సున్యాయెవ్ 1973లో జిగట ఎక్కడి నుంచి వస్తుందన్న చిక్కును పక్కనపెట్టి, దాన్ని ధ్వనివేగం, పళ్లెం మందం, ఆల్ఫా అనే ఒక సంఖ్యల లబ్ధంగా రాశారు. తెలివైన పని, కానీ తెలియనిదానికి పెట్టిన పేరు. శ్వేత కుబ్జాల (సూర్యుడి వంటి నక్షత్రాలు ఆరిపోయాక మిగిలే చిన్న గోళాల) చుట్టూ ఉన్న పళ్లేల విజృంభణలను బట్టి చూస్తే అది 0.1 నుంచి 0.4 దాకా రావాలి. బయటి నుంచి నికర అయస్కాంత క్షేత్రం లేని సిమ్యులేషన్లలో మాకు దొరికేది అందులో సుమారు పదో వంతు. నేనూ నా కోడ్‌లో తరచూ 0.1 అనే రాస్తాను. ఎందుకని ఒక విద్యార్థిని అడిగితే, అలా రాస్తే పరిశీలనలతో కుదురుతుంది కాబట్టి అన్నాను. ఆమె అది నోట్సులో రాసుకోలేదు. సరైన పనే చేసింది.