అంచును పట్టిచ్చే అంకెలు

32, 33, 31, 40, 96, 168, 201, 204, 203.

ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో పక్కపక్కనే ఉన్న తొమ్మిది పిక్సెళ్లివి. 8 బిట్ల గ్రేస్కేల్‌లో 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెల్లటి తెలుపు. ఎడమవైపున్నది నల్లటి వాషరు, కుడివైపున్నది కాగితం అనుకోండి. కెమెరాకి వాషరూ తెలీదు, కాగితమూ తెలీదు. దాని దగ్గరున్నవి ఈ అంకెలే. మరి వాషరు అంచు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

ముందు తోచే ఉపాయం, 128 కన్నా తక్కువైతే వస్తువు, ఎక్కువైతే కాగితం అనేసుకోవడం. దీన్నే థ్రెషోల్డ్ అంటారు. లైటు మారనంతకాలం బాగానే నడుస్తుంది. దీపం కాస్త డల్ అయిందా, వాషరు సైజే మారినట్టు కనిపిస్తుంది. ఫొటోని బట్టి ఆ హద్దును లెక్కగట్టే పద్ధతిని నొబుయుకి ఒట్సు 1979లో ప్రచురించారు, ఇప్పటికీ వాడుతున్నారు. కానీ ఒక మూల వెలుగు, ఇంకో మూల నీడ ఉన్న ఫొటోకి ఒకే హద్దు ఎక్కడ పెట్టినా తిప్పలే.

అందుకని అంకెల్ని పక్కనపెట్టి, వాటి మధ్య తేడాలు చూస్తారు: 1, −2, 9, 56, 72, 33, 3, −1. అన్ని పిక్సెళ్లకీ తలా 20 కలిపినా ఈ తేడాలు చెక్కుచెదరవు. పెద్ద తేడా 72. అది ఐదో పిక్సెల్‌కీ ఆరోదానికీ నడుమ ఉంది కాబట్టి అంచు దాదాపు 5.5 దగ్గర.

దాదాపు అన్నానంటే కారణముంది. 72కి ఎడమన 56 ఉంది, కుడిన 33 మాత్రమే. అంటే మొగ్గు ఎడమకే. ఈ మూడు విలువల మీదుగా ఒక పారాబోలా గీస్తే దాని శిఖరం 0.21 పిక్సెల్ ఎడమకి జరిగి, అంచు 5.29 దగ్గర తేలుతుంది. పిక్సెల్ కన్నా సన్నగా కొలవడం నాకు మొదట్లో గారడీలా అనిపించింది. గారడీ ఏమీ లేదు, అంచు మసగ్గా పడటమే ఇక్కడ కలిసొచ్చింది. నలుపు నుంచి తెలుపుకి ఒక్క గెంతులో మారి ఉంటే ఈ లెక్కకి ఆధారమే ఉండేది కాదు.

ఒక్క వరసనే నమ్ముకుంటే నాయిస్, అంటే పిక్సెల్ విలువల్లో ఊరికే వచ్చే చిన్నచిన్న హెచ్చుతగ్గులు, దెబ్బతీస్తుంది. అందుకే క్యాలిపర్ అనే సాఫ్ట్‌వేర్ టూల్, ఉదాహరణకి, పదహారు వరసల సగటు తీస్తుంది, నాయిస్ నాలుగో వంతుకి పడిపోతుంది. అయితే ఆ వరసలు అంచుని లంబకోణంలో కోయాలి. వాలుగా పెడితే సగటులో అంచు అలుక్కుపోతుంది.

ఇంతకీ క్యాలిపర్‌ని ఎక్కడ పెట్టాలో ఎవరు చెప్తారు? దానికి టెంప్లేట్ ఉంది. వెతకాల్సిన ఆకారం ముక్కని ముందే దాచి, ఫొటో అంతా జరుపుతూ ప్రతిచోటా పోలికకి మార్కులేస్తారు. రెండిట్లోంచీ సగటు వెలుగుని తీసేసి, కాంట్రాస్ట్‌తో భాగిస్తారు కాబట్టి మొత్తం మీద వెలుగు పెరిగినా తగ్గినా మార్కులు మారవు. అచ్చంగా సరిపోతే 1, నలుపు తెలుపులు తారుమారైతే −1.

చిక్కల్లా లెక్కల భారంతోనే. 640×480 ఫొటోలో 64×64 ముక్కని వెతకాలంటే 2,40,609 చోట్ల, చోటుకి 4,096 గుణకారాలు. మొత్తం 98 కోట్ల పైమాటే. అదే రెండిట్నీ నాలుగో వంతు కొలతలకి కుదిస్తే 39 లక్షల లోపే. ముందు చిన్న బొమ్మలో ఉజ్జాయింపుగా పట్టుకుని, తర్వాత పెద్ద బొమ్మలో ఆ చుట్టుపక్కలే వెతుకుతారు. దీన్ని పిరమిడ్ అంటారు.

ఏ ముక్కని ఎంచుకోవాలన్నది మాత్రం మనిషి తెలివి. తిన్నటి అంచు ముక్కనిస్తే అది అంచు వెంబడి ఎక్కడైనా అతికిపోతుంది. మూల అయితే ఒక్కచోటే కుదురుతుంది. మన వాషరు గుండ్రంగా ఉంది కాబట్టి దాని కేంద్రం హాయిగా దొరుకుతుంది. అది ఎటు తిరిగి ఉందో మాత్రం ఏ టూల్‌కీ అంతుపట్టదు, ఒంటిమీద ఒక గాటో గీతో ఉంటే తప్ప.