ఆ గొంతు మార్లేది కాదు

చిరంజీవులైన పిల్లలకు, తాతయ్య దీవించి రాయునది.

మొన్న మీరు వాట్సాప్‌లో పంపిన పాట విన్నాను. ‘డోన్ట్ వర్రీ, బీ హ్యాపీ’. కాఫీ తాగుతూ రెండుసార్లు, మీ నానమ్మ ‘ఇంక చాలు’ అనేదాకా మరో రెండుసార్లు. పాట బాగుంది. కాకపోతే దాని కింద ‘బాబ్ మార్లే’ అని, కరీబియన్ దీవి జమైకా గాయకుడి పేరు ఉందే, అది తప్పు. ‘నెట్‌లో చాలాచోట్ల అలాగే ఉంది తాతయ్యా’ అంటారని తెలుసు. అందుకే ఫోన్‌లో తేల్చేయకుండా ఉత్తరం రాస్తున్నాను.

ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పేరు చూడకుండా వినండి. డ్రమ్ము వినిపిస్తోందా? గిటార్ ఉందా? ఏమీ లేవు. కింద దుం దుం అని నడిచేది నోరే. ఈల నోటిదే. వెనకాల గుంపుగా పాడుతున్నట్టు అనిపించేదీ ఆ ఒక్క మనిషే. ఒక గొంతు రికార్డు చేసి, దాని మీద మరొకటి, ఆపైన ఇంకొకటి, అట్ల దొంతరలా పేర్చారు. ఇప్పుడు మార్లే పాట ఏదైనా పెట్టండి. అతని వెయిలర్స్ బృందం వాయిస్తుంటే బేస్ గిటార్ పొట్టలో మోగుతుంది. ఆ తేడా తెలియడానికి సంగీతం నేర్చుకోనక్కర్లేదు.

తర్వాత తేదీలు. మార్లే 1981 మే 11న మయామీలో పోయాడు, 36 ఏళ్లకే. ఈ పాట బయటికొచ్చింది 1988లో, ‘సింపుల్ ప్లెజర్స్’ అనే ఆల్బమ్‌లో. రాసింది, పాడింది బాబీ మెక్‌ఫెరిన్ అనే అమెరికన్. ఆ సెప్టెంబరులోనే అది అమెరికాలో పాటలకి వారం వారం ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. వాయిద్యమే లేకుండా అక్కడికి చేరిన మొదటి పాట అది. మరుసటి ఏడాది గ్రామీ అవార్డులూ వచ్చాయి. అంత పేరొచ్చిన పాటే పక్కవాడి ఖాతాలో పడింది చూడండి!

ఎందుకు పడిందంటే, మెక్‌ఫెరిన్ ఇందులో కరీబియన్ దీవులవాళ్ల యాస పెట్టి పాడాడు. పైగా 1977లో మార్లే పాడిన ‘త్రీ లిటిల్ బర్డ్స్’లో కూడా బెంగ పడొద్దనే మాటే ఉంది. ఇక 1999లో నాప్‌స్టర్ అనే, పాటలు పంచుకునే ప్రోగ్రాము వచ్చాక పాటల ఫైళ్లు కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి పోవడం మొదలైంది. ఫైలుకి పేరు ఎవరు టైప్ చేస్తే అదే పేరు. అడిగేవాడు లేడు.

ఆ టైప్ చేసినవాణ్ణి నేను తిట్టలేను. 80ల్లో నాకు రికార్డింగ్ షాపు ఉండేది కదా. ఖాళీ క్యాసెట్ తెచ్చిస్తే అడిగిన పాటలు ఎక్కించి, లోపలి అట్ట మీద బాల్‌పెన్‌తో పేర్లు రాసిచ్చేవాణ్ణి. ఒకసారి ఒక పాట ఎవరిదో తెలియలేదు. గొంతు మెత్తగా ఉందని ఎ.ఎం. రాజా అని రాసేశాను. కొన్నాళ్లకి ఒక పెద్దాయన అదే పాట గ్రామఫోన్ రికార్డు తెచ్చి చూపించాడు. పి.బి. శ్రీనివాస్! అప్పటికే నా క్యాసెట్ నుంచి ఒకరు, వాళ్ల దగ్గర్నుంచి ఇంకొకరు కాపీ చేసుకున్నారు. ఊళ్లో ఎవరింట్లో చూసినా ఎ.ఎం. రాజాయే. ఇంతమంది అదే మాట అంటుంటే నిజమే అనుకోరూ? కానీ రాసింది నేనొక్కణ్ణే.

ఆ పెద్దాయన దగ్గరే ఇంకో సంగతి నేర్చుకున్నాను. రికార్డు మీద గాళ్లు అయిపోయాక, మధ్యలో కాగితం లేబుల్‌కి ముందు నున్నటి చోటు ఉంటుంది. వెలుతురుకి వాలుగా పట్టుకుంటే అక్కడ సన్నటి అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. మ్యాట్రిక్స్ నంబర్ అంటారు. లేబుల్ పొరపాటున వేరేది అతికించినా ఆ నంబరు మారదు. అది అచ్చులోంచే వస్తుంది మరి. అందుకే పాత రికార్డులు కొనేవాళ్లు ముందు దాన్నే చూస్తారు.

అన్నట్టు, మీరు పంపిన పాటలోని ‘డోన్ట్ వర్రీ, బీ హ్యాపీ’ అనే మాట మన దేశంనుంచి వెళ్లిందే. 1925 నుంచి 1969లో పోయేదాకా మౌనంగా ఉన్న ఆధ్యాత్మిక గురువు మెహెర్ బాబా తన భక్తులకి పంపే కబుర్లలో ఆ మాట ఉండేది. ఆయన బొమ్మతో ఆ మాట ఉన్న పోస్టరు శాన్‌ఫ్రాన్సిస్కోలో మెక్‌ఫెరిన్ కంటబడింది. బాబా 1954లో ఆంధ్రాలో పర్యటించారు, మనవైపు భక్తులు ఇప్పటికీ ఉన్నారు. చూశారా, మార్లే పేరు దగ్గరే ఆగిపోయి ఉంటే ఈ దారి మనకి దొరికేదే కాదు.

అటక మీద నా క్యాసెట్ల పెట్టె అలాగే ఉంది. అందులో ఒక సోనీ 60 క్యాసెట్, రెండో వైపు చివర్లో ఒకావిడ పాట. వెనక అకార్డియన్. సగంలో తెగిపోతుంది. అట్ట మీద నా రాతలోనే ‘ఎవరో?’ అని ఉంది. ఈసారి పేరు ఊహించి రాయలేదు. సెలవులకి వచ్చేటప్పుడు మంచి హెడ్‌ఫోన్స్ తెచ్చుకోండి. టేప్‌రికార్డర్ బెల్టు నేను మార్పించి ఉంచుతాను.

ఇట్లు,
మీ తాతయ్య