ఐపీ, సెటిల్‌మెంట్, సిబిల్: నా ఆఫీసులో రోజూ వినే అపోహలు

సివిల్ కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. నా దగ్గరికి ప్రామిసరీ నోట్లు, నోటీసులు పట్టుకుని వచ్చేవాళ్ళలో అప్పు ఇచ్చినవాళ్ళూ ఉంటారు, తీసుకున్నవాళ్ళూ ఉంటారు. ఇద్దరూ అడిగేది ఒకటే: "ఐపీ పెడితే ఏమవుతుందండీ?" ఇచ్చినవాళ్ళు భయంతో అడుగుతారు, తీసుకున్నవాళ్ళు ఆశతో.

అపోహ: ఐపీ పెట్టేస్తే అప్పులన్నీ ఎగిరిపోతాయి

ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేస్తాం. "2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది కదా సార్" అని చదువుకున్న కుర్రాళ్ళు అడుగుతుంటారు. వచ్చింది. కానీ అందులో వ్యక్తుల దివాలా భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చింది కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్ళకు మాత్రమే. మిర్చి వ్యాపారంలో మునిగినాయనకి, కిరాణా కొట్టు మూసేసినాయనకి పాత చట్టమే గతి. అదెంత పాతదంటే, 500 రూపాయల అప్పుంటే చాలు, పిటిషన్ వేసుకోవచ్చని ఇప్పటికీ అందులో ఉంది.

పిటిషన్ వేయడం మొదటి మెట్టు మాత్రమే. అప్పులవాళ్ళందరి పేర్లూ ఇవ్వాలి, ఉన్న ఆస్తులన్నీ చూపించాలి. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే, జప్తుకి వీల్లేనివి తప్ప మిగతా ఆస్తంతా కోర్టు చేతికో, కోర్టు నియమించే రిసీవర్ చేతికో వెళ్తుంది. ఆ తర్వాత కోర్టు పెట్టిన గడువులోగా డిశ్చార్జికి దరఖాస్తు చేసుకోవాలి. అప్పుల నుంచి బయటపడేసేది ఆ డిశ్చార్జి ఆర్డరే. గడువులోగా అడక్కపోతే అసలు ప్రకటనే రద్దవుతుంది. చాలామంది ఈ చివరి మెట్టు ఎక్కరు. నోటీసులు వెళ్ళాయి, ఇంటి ముందు గొడవలు తగ్గాయి, ఇక పని అయిపోయిందనుకుంటారు.

డిశ్చార్జి వచ్చినా ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీలు, మోసం చేసి తెచ్చిన అప్పులు, మనోవర్తి అలాగే ఉంటాయి. ఇల్లు తనఖా పెట్టుకున్న బ్యాంకు హక్కు కదలదు. చెక్ బౌన్స్ కేసు క్రిమినల్ కేసు, దాని దారి దానిదే.

కొంతమంది పొలం బావమరిది పేరున రాసేసి మరీ వస్తారు, అదేదో తెలివైన పని అన్నట్టు! రాసిన రెండేళ్ళలోపు వేసిన పిటిషన్ మీద దివాలా ప్రకటన వస్తే, నిజమైన కొనుగోలు కాని ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. అలాంటి కేసు నేను తీసుకోను.

అపోహ: ఐపీ పెడితే సిబిల్ పోతుంది

సిబిల్ అంటే మన అప్పుల చరిత్ర దాచి, దాన్నిబట్టి స్కోరు ఇచ్చే సంస్థ. నోటు మీద తెచ్చిన అప్పు, చేబదులు అక్కడికి చేరనే చేరవు. అక్కడికెళ్ళేది బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు పంపే వివరాలే. బ్యాంకు వాయిదా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. ఐపీ ఆలోచన వచ్చేసరికే స్కోరుకి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. డిశ్చార్జి రాకముందు, తాను దివాలాదారునని చెప్పకుండా 50 రూపాయలు అప్పు తెచ్చినా నేరమే. ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. 1920లో యాభై అంటే పెద్ద మొత్తమే, ఇప్పుడు రెండు టిఫిన్ల ఖర్చు.

అపోహ: సెటిల్‌మెంట్ చేసుకుంటే సిబిల్ క్లియర్

సెటిల్‌మెంట్ అంటే బాకీలో కొంత కట్టి, మిగతాది బ్యాంకు వదిలేసేలా చేసుకునే రాజీ. ఒకాయనకి క్రెడిట్ కార్డు బాకీ వడ్డీలతో నాలుగు లక్షలైంది. రికవరీ ఏజెంటు ఫోన్ చేసి "లక్షా అరవై కట్టండి, క్లోజ్ చేస్తాం" అన్నాడు. వాట్సాప్‌లో మెసేజ్ కూడా పెట్టాడు. ఈయన భార్య గాజులు తాకట్టు పెట్టి కట్టేశాడు. ఏడాది తర్వాత మిగిలిన బాకీకి నోటీసు వచ్చింది. బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఒక్క కాగితమూ లేదు. ఏజెంటు నంబరు పనిచేయడం లేదు. ఆ నోటీసు పట్టుకుని నా ఎదురుగా కూర్చున్న మనిషికి ఏం చెప్పాలో నాకూ తోచలేదు.

కాబట్టి డబ్బు కట్టే ముందే బ్యాంకు నుంచి లెటర్ తీసుకోండి. ఎంత కట్టాలి, ఏ తేదీలోగా, దాంతో మొత్తం బాకీ తీరినట్టేనా అన్న మూడూ అందులో ఉండాలి. కట్టాక నో డ్యూ సర్టిఫికెట్ అడగండి. ఆస్తి కాగితాలు పెట్టి ఉంటే 30 రోజుల్లో తిరిగివ్వాలి. తప్పు బ్యాంకుదైతే ఆలస్యమైన రోజుకి 5,000 రూపాయల చొప్పున ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2023లో చెప్పింది.

అన్నీ సరిగ్గా చేసుకున్నా రిపోర్టులో పడేది 'క్లోజ్డ్' కాదు, 'సెటిల్డ్'. అంటే పూర్తిగా కట్టలేదని అర్థం. రాజీ చేసుకున్నవాళ్ళకి, వ్యవసాయ రుణాలు కాని వాటిలో, ఆ బ్యాంకు కనీసం 12 నెలలు కొత్త అప్పు ఇవ్వకూడదని 2023 జూన్ నిబంధన. సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోలు వివరాలను కనీసం 7 ఏళ్ళు ఉంచుతాయి. అలాగని సెటిల్‌మెంట్ వద్దనను. నెలకి మూడు శాతం పైన వడ్డీ పెరుగుతుంటే, జీతం దానికే చాలకపోతే, స్కోరు గురించి టెన్షన్ పడి ఇంకో రెండేళ్ళు నలిగిపోవడంలో అర్థం లేదు. రెండేళ్ళలో ఇంటి లోను తీసుకోవాలనుకునేవాళ్ళు మాత్రం ముందు రీస్ట్రక్చరింగ్ అడగాలి. గడువు పెరుగుతుంది, ఈఎంఐ తగ్గుతుంది, మొత్తం వడ్డీ ఎక్కువ పడుతుంది. అది కూడా రిపోర్టులో కనిపిస్తుంది, కానీ 'సెటిల్డ్' కన్నా నయం. ఎన్‌పీఏ కాకముందే అడగడం మంచిది.

అపోహ: బ్యాంకు రైటాఫ్ చేసింది, ఇక కట్టక్కర్లేదు

అది బ్యాంకు తన లెక్కల పుస్తకంలో చేసుకున్న సర్దుబాటు. మీ బాకీ మీదే.

అపోహ: మూడేళ్ళు దాటితే నోటు చెల్లదు

నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టారేమో చూసుకోండి. గడువు లోపల వెయ్యి రూపాయలిచ్చి చెల్లు వేయించినా, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు మొదలు.

అపోహ: నేను బయటపడితే ష్యూరిటీ ఇచ్చినవాడూ బయటపడతాడు

ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టేది. మీరు ఐపీలో డిశ్చార్జి తెచ్చుకున్నా హామీదారు బాధ్యత పోదని చట్టంలోనే రాసి ఉంది. అప్పులవాళ్ళు నేరుగా ఆయన మీదకే వెళ్తారు. బ్యాంకు లోనైతే అది ఆయన సిబిల్‌లో కూడా కనిపిస్తుంది. బ్యాంకుతో సెటిల్‌మెంట్ మాట్లాడేటప్పుడు లెటర్‌లో హామీదారు పేరు కూడా రాయించమని నేను పట్టుబడతాను.

అపోహ: డబ్బిస్తే సిబిల్ బాగు చేసిపెడతారు

నిజంగా ఉన్న బాకీని ఎవరూ చెరపలేరు. తప్పుంటే సరిచేయించుకోవడానికి ఏజెంటు అక్కర్లేదు. నాలుగు బ్యూరోలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రోజుకి 100 రూపాయల పరిహారం మీకే రావాలి. నా దగ్గరికి వచ్చేటప్పుడు ఆ రిపోర్టు ప్రింటు తెచ్చుకోండి. టీ కొట్టు దగ్గర ఏం విన్నారో తర్వాత మాట్లాడుకుందాం.