కవరు మీది ఆరంకెల సంఖ్య

చిట్టీ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. బుజ్జి మా అడ్రసు కింద 600017 అని ముత్యాల్లాంటి అంకెలతో రాశాడు. ఉత్తరం చదవడం అయిపోయినా నా చూపు మాత్రం ఆ అంకెల మీదే ఉండిపోయింది. ఎన్నో ఏళ్లుగా రాస్తున్న పిన్‌కోడే. దాని లోపల ఏముందో చూడాలనిపించి, కాగితం, పెన్సిలు పట్టుకుని పానగల్ పార్కుకు వెళ్లాను. (ఆ పార్కు పేరు పానగల్ రాజాది, మా పేట త్యాగరాయ నగర్ పేరు పిట్టి త్యాగరాయ చెట్టిది. ఇద్దరూ తెలుగువాళ్లే.)

తపాలా వాళ్లకు అది 1972లో మొదలైన ఒక గుర్తు మాత్రమే. మనం దాన్ని ఆరు లక్షల పదిహేడు అని చదివి, ఏ ప్రధాన సంఖ్యల్ని (1తో, తమతో తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగం పోని వాటిని) గుణిస్తే అది వస్తుందో చూద్దాం.

చివర 7 ఉంది కాబట్టి 2, 5 పోవు. అంకెలు కూడితే 14, కాబట్టి 3 పోదు. 7తో భాగిస్తే 5 మిగిలింది. 11 దగ్గర మాత్రం భాగహారమే అక్కర్లేదు, చూడండి. 11ని 9,091తో గుణిస్తే 1,00,001 వస్తుంది. అంటే లక్షకు 1 కలిపితే 11 ఎక్కంలో పడుతుంది. ఆరు లక్షలకైతే 6 కలపాలి. మన దగ్గర 17 ఉంది, అందులో 11 తీసేస్తే మిగిలేది సరిగ్గా 6! లోటు, మిగులు సరిపోయాయి. అది చూసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

600017 = 11 × 54,547.

ఇక 54,547 సంగతి. ఇది రెండు సంఖ్యల లబ్ధమైతే వాటిలో చిన్నది 233 దాటదు, ఎందుకంటే 234 × 234 చేస్తేనే 54,756 వచ్చేస్తుంది. 233 వరకు 51 ప్రధాన సంఖ్యలున్నాయి. ఒక్కొక్కదానితో భాగించాను. నానమ్మ భోజనానికి పిలిచేసరికి 97 దగ్గర ఉన్నాను. తిని వచ్చి మళ్లీ కూర్చున్నాను. చివరిదైన 233తో 25 మిగిలింది. అంటే 54,547 కూడా ప్రధాన సంఖ్యే!

పక్కనే ఉన్న తేనాంపేట 600018. అది 2 × 3 × 1,00,003. ఈ 1,00,003 ఆరంకెల ప్రధాన సంఖ్యలన్నిటిలోకీ చిన్నది.

11 × 54,547 గుణించడానికి అర నిమిషం చాలు. విడదీయడానికి నాకు ఒక పూట పట్టింది. ఇంటర్నెట్‌లో రహస్యాలు కాపాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతి నిలబడింది ఈ తేడా మీదే. అక్కడ రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని గుణించి, 617 అంకెలున్న సంఖ్యల్ని కూడా వాడతారు.

మీ ఊరి పిన్‌కోడ్ జోలికి నేను పోలేదు, అది మీకే వదిలేశాను. ఏ సంఖ్యతో ఎంత శేషం వచ్చిందో అన్నీ రాసి పంపండి.

మీ తాతయ్య,
టి. నగర్, చెన్నై