స్టీల్‌హెడ్ ఏది, పెంపుడు రెయిన్‌బో ఏది: గాలం వేసే పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

వాషింగ్టన్ రాష్ట్రంలో మీ ఇళ్ళకు దగ్గరలో ఉన్న చెరువుల మీదా నదుల మీదా మీరు గాలాలు పట్టుకుని తిరుగుతున్నారని, చేప పడినప్పుడల్లా అది స్టీల్‌హెడ్డా, మామూలు రెయిన్‌బో ట్రౌటా అని మీలో మీరు వాదించుకుంటున్నారని మీ అమ్మానాన్నల ద్వారా తెలిసింది. ఆ వాదన తేల్చుకోవలసినదే. సియాటిల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో కలిసే నదుల స్టీల్‌హెడ్‌ను అమెరికా ప్రభుత్వం 2007లో ముప్పు పొంచి ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. హేచరీలో, అంటే గుడ్లు పొదిగించి చేపపిల్లలను పెంచే కేంద్రంలో, పెంచి చెరువులో వదిలిన రెయిన్‌బోను మాత్రం మీ వంటి వారు పట్టుకుని ఇంటికి తీసుకుపోవడానికే వదులుతారు. మొదటిదానిని రెండవది అనుకుని సంచిలో వేసుకుంటే, ఆ నదిలో గుడ్లు పెట్టవలసిన కొద్దిపాటి చేపలలో ఒకటి తగ్గిపోతుంది. అందుకే కొంచెం దీర్ఘంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందుగా తెలుసుకోవలసినది, ఈ రెండూ ఒకే జాతి చేపలు. రెండింటికీ శాస్త్రనామం ఆంకోరింకస్ మైకిస్. 1989 వరకు శాస్త్రజ్ఞులు దీనిని సాల్మో గేర్డ్‌నరీ అనేవారు; ఇది పసిఫిక్ సాల్మన్ చేపలకే దగ్గరి చుట్టమని నిర్ధారించుకున్న తరువాత పేరు మార్చారు. నదిలో గుడ్డు నుంచి బయటపడిన పిల్లలలో కొన్ని జీవితాంతం మంచినీటిలోనే ఉండిపోతాయి. వాటిని రెయిన్‌బో అంటారు. మరికొన్ని ఒకటి నుంచి మూడేళ్ళ దాకా నదిలో పెరిగి, సముద్రంలోకి పోయి, ఉత్తర పసిఫిక్‌లో ఒకటి రెండేళ్ళో, అంతకు మించో తిరిగి, బాగా బలిసి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికే వస్తాయి. అవి స్టీల్‌హెడ్. మన గోదావరి జిల్లాల వారికి ఇది వింతగా తోచదు. సముద్రంలో విలసగా ఉన్న చేపే వరద నీటికి ఎదురీది గోదావరిలో అడుగుపెట్టాక పులస అవుతుంది. అయితే ఇక్కడ ఇంకొక మెలిక ఉంది. ఒకే తల్లి పెట్టిన గుడ్లలో నుంచి వచ్చిన పిల్లలలోనే ఒకటి నదిలో ఉండిపోవచ్చు, మరొకటి సముద్రానికి పోవచ్చు. సాధారణంగా ఆడపిల్లలే ఎక్కువగా సముద్రానికి పోతాయి, ఎందుకంటే ఒళ్ళు ఎంత పెరిగితే అన్ని ఎక్కువ గుడ్లు పెట్టగలవు. నదిలోనే ఉండిపోయిన చిన్న మగచేప, సముద్రం నుంచి వచ్చిన పెద్ద ఆడచేపతో జతకట్టడం కూడా జరుగుతుంది. అయిదవ క్రోమోజోమ్‌లో ఒక భాగం తిరగబడి ఉండడానికీ, చేప నదిలో ఉండిపోవడానికీ సంబంధం ఉందని ఈ మధ్య కాలంలో కనిపెట్టారు; దానికి తోడు తిండి, నీటి చల్లదనం, ఎదుగుదల వేగం కూడా కలిసి పనిచేస్తాయి.

కనుక జాతి లక్షణాలు వెతికితే మీకు జవాబు దొరకదు. ఆ చేప ఏ నీటిలో, ఎలా బతికిందో దాని ఒంటి మీది గుర్తులను బట్టి చదవాలి. నా దృష్టిలో ఆ చదవడం చేపతో మొదలు కాకూడదు, నీటితో మొదలు కావాలి. మీరు నిలబడిన చోటికి సముద్రం నుంచి చేప ఈదుకుంటూ రాగలదా? ఈ ప్రశ్న గాలం విసిరే ముందే వేసుకోండి. సియాటిల్ నడిబొడ్డున ఉన్న గ్రీన్ లేక్‌కు అటువంటి దారి లేదు. అక్కడ పడే రెయిన్‌బో హేచరీ లారీలో వచ్చినదే. మనవాళ్ళు చుట్టాలు వస్తే చూపించడానికి తీసుకువెళ్ళే స్నోక్వాల్మీ జలపాతం ఎత్తు 268 అడుగులు. దాని పైకి ఏ స్టీల్‌హెడ్డూ ఎక్కలేదు. కాబట్టి జలపాతానికి ఎగువన పడిన ట్రౌట్ ఎంత వెండిలా మెరిసినా అది స్టీల్‌హెడ్ కాదు, దిగువన పడినదానిని మాత్రం అనుమానంతోనే చూడాలి. కొలంబియా నది మీద చీఫ్ జోసెఫ్ ఆనకట్టకు చేపలు ఎక్కే మెట్లు లేవు. దానికి పైనున్న రూఫస్ వుడ్స్ జలాశయంలో చాలా పెద్ద రెయిన్‌బోలు పడతాయి. వాటిలో చాలావరకు గుడ్లు పెట్టలేని ట్రిప్లాయిడ్ చేపలు, వలల పంజరాలలో పెంచినవి తప్పించుకున్నవి కొన్ని, కావాలని వదిలినవి కొన్ని. వాటి పరిమాణం చూసి స్టీల్‌హెడ్ అని మురిసిపోకండి. లేక్ వాషింగ్టన్ సంగతి వేరు. అది బల్లార్డ్ లాకుల ద్వారా సముద్రంతో కలిసి ఉంది. అందుకే చెరువులా కనిపించినా అక్కడ 20 అంగుళాలు దాటిన రెయిన్‌బోను వదిలివేయాలని నియమం పెట్టారు.

నీరు సముద్రంతో కలిసి ఉందని తేలితే, అప్పుడు చేప వైపు చూడండి. ముందు చూడవలసినది వీపు మీద, తోకకు కొద్దిగా ముందు, ముల్లూ గీతా లేకుండా మెత్తగా ఉండే చిన్న రెక్క. దానిని అడిపోజ్ రెక్క అంటారు. స్టీల్‌హెడ్ హేచరీలలో పిల్లలను నదిలోకి వదిలే ముందు ఆ రెక్కను కత్తిరిస్తారు. ఆ చోట గాయం మానిన మచ్చ నున్నగా ఉండి, రెక్క లేకుండా ఉన్న పెద్ద చేప హేచరీ స్టీల్‌హెడ్. ఆ నదిలో ఆ రోజు అనుమతి ఉంటే దానిని ఉంచుకోవచ్చు. రెక్క చెక్కుచెదరకుండా ఉంటే అది నదిలో సహజంగా పుట్టినదిగా భావించి వదిలివేయాలి. ఇక్కడే చాలామంది తికమకపడతారు: చెరువులలో వదిలే పెంపుడు రెయిన్‌బోలకు సాధారణంగా ఈ రెక్క కత్తిరించరు. అందువల్ల రెక్క ఉన్న చేప సహజంగా పుట్టినది, రెక్క లేనిది పెంపుడుది అన్న సూత్రం చెరువులో పనికిరాదు. ఆ సూత్రం స్టీల్‌హెడ్ తిరిగే నదుల కోసం పెట్టినది. నీటితో మొదలుపెట్టమని నేను పట్టుబట్టడానికి ముఖ్యకారణం ఇదే.

ఇప్పుడు ఒంటి రూపానికి వద్దాం. సముద్రం నుంచి కొత్తగా వచ్చిన స్టీల్‌హెడ్ పొడుగ్గా, నునుపుగా, కండపట్టి ఉంటుంది. వీపు ఉక్కు నీలం, పక్కలు వెండి, పొట్ట తెలుపు. మచ్చలు వీపు మీదా తోక నిండా కనిపిస్తాయి గాని, ఒంటి మధ్యగా పోయే గీతకు దిగువన చాలా తక్కువగా ఉంటాయి. పొలుసులు చేతికి అంటుకునేంత వదులుగా ఉంటాయి. పెంపుడు రెయిన్‌బో వేరుగా ఉంటుంది: పొట్టిగా, గుండ్రంగా, వీపు ఆకుపచ్చగా, పక్కన గులాబీ చార ఒకటి, తల నుంచి తోక దాకా పైనా కిందా దట్టంగా నల్లమచ్చలు. దాని రెక్కలను ప్రత్యేకంగా పరిశీలించండి. సిమెంటు తొట్లలో వేల చేపల మధ్య ఒరుసుకుంటూ, ఒకదాని రెక్క ఒకటి కొరుక్కుంటూ పెరిగినందువల్ల వీపు రెక్క వంకరపోయి, పక్క రెక్కల అంచులు అరిగి, తోక మూలలు గుండ్రబడి ఉంటాయి. నదిలో పెరిగిన చేప రెక్కలు నిటారుగా, అంచులు పదునుగా ఉంటాయి. అయితే హేచరీ స్టీల్‌హెడ్ కూడా చిన్నప్పుడు అటువంటి తొట్టిలోనే పెరిగింది కనుక దాని వీపు రెక్క కూడా ముడుచుకుని ఉండవచ్చు. అరిగిన రెక్క తొట్టి జీవితానికి సాక్ష్యమే తప్ప, ఆ తరువాత అది సముద్రం చూసిందో లేదో చెప్పదు.

ఈ పెంపుడు రెయిన్‌బో వంశం కథ కూడా తెలుసుకోదగినదే. 19వ శతాబ్దం చివరి భాగంలో కాలిఫోర్నియాలోని మెక్‌క్లౌడ్ నది మీద లివింగ్‌స్టన్ స్టోన్ అనే ఆయన ఆధ్వర్యంలో గుడ్లు సేకరించి దూరప్రాంతాలకు పంపించారు. తరతరాలుగా త్వరగా పెరిగేవాటినీ, తొట్టిలో కుదురుగా ఉండేవాటినీ ఎంచుకుంటూ రావడంతో అవి తమ పూర్వీకులకు చాలా దూరమయ్యాయి. నదిలో ఈ జాతి వసంతకాలంలో గుడ్లు పెడుతుంది. అనేక హేచరీ వంశాలు శరత్కాలంలోనే గుడ్లు పెట్టేటట్లు మారిపోయాయి.

రంగును మాత్రం అతిగా నమ్మకండి. స్టీల్‌హెడ్ నదిలోకి వచ్చి కొన్ని వారాలు గడిచేసరికి వెండి మెరుపు పోయి, వీపు ముదురు ఆకుపచ్చగా మారి, చెంపలూ పక్కలూ ఎర్రబడతాయి. మగచేపకు కింది దవడ కొక్కెంలా వంగుతుంది. అప్పుడు దానిని చూసినవారు పెద్ద రెయిన్‌బో అనే అంటారు. గుడ్లు పెట్టి సముద్రానికి తిరిగిపోయే స్టీల్‌హెడ్‌కు మళ్ళీ వెండి రంగు వస్తుంది, కాని ఒళ్ళు బక్కచిక్కి, తల పెద్దదిగా కనిపిస్తుంది. ఇటువైపు, పెద్ద చెరువులో చాలాకాలం బతికిన రెయిన్‌బో కూడా వెండిలా మెరుస్తుంది. మాంసం ఎర్రగా ఉంటే స్టీల్‌హెడ్ అన్న మాట కూడా నిలబడదు; మేతలో రంగు పదార్థం కలిపితే పెంపుడు చేప మాంసం కూడా అలాగే ఎర్రబడుతుంది. దుకాణాలలో స్టీల్‌హెడ్ పేరుతో అమ్మే చేపలలో చాలావరకు పంజరాలలో పెంచిన రెయిన్‌బోలే.

రంగుతో తేలని చోట కొలబద్ద పనికివస్తుంది. నియమాలు రాసేవారికి కూడా ఇదే చిక్కు ఎదురైంది కనుక, వారు పొడవును గీతగా పెట్టుకున్నారు. వాషింగ్టన్‌లో స్టీల్‌హెడ్ తిరిగే నీటిలో 20 అంగుళాలు, కాలిఫోర్నియాలో 16 అంగుళాలు దాటిన రెయిన్‌బోను స్టీల్‌హెడ్‌గానే లెక్కిస్తారు. ప్రకృతి ఆ గీత గీయలేదు. అయినా గట్టు మీద నిలబడినవారికి స్పష్టమైన ఆధారం ఒకటి కావాలి కనుక నేను దానిని సమర్థిస్తాను.

చిన్న చేపల విషయంలో మీరు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే మీ గాలాలకు ఎక్కువగా పడేవి అవే. స్కైకోమిష్, స్కాజిట్ వంటి నదులలో ఆరేడు అంగుళాల ట్రౌట్ పడి, పక్కల మీద వేలిముద్రల వంటి నిలువు మచ్చల వరుస కనిపిస్తే, అది సముద్రానికి ఇంకా పోని స్టీల్‌హెడ్ పిల్ల అయ్యే అవకాశం చాలా ఉంది. వసంతకాలంలో ఆ మచ్చలు మాసి, ఒళ్ళు వెండిగా మారి, పొలుసులు ఊడిపోయేంత వదులైతే అది ప్రయాణానికి సిద్ధమైన పిల్ల. దానిని స్మోల్ట్ అంటారు. ఆ వయసులో ఇది నదిలో ఉండిపోయే రెయిన్‌బోనా, సముద్రానికి పోయే స్టీల్‌హెడ్డా అన్నది చూసి చెప్పగలవారు ఎవరూ లేరు. సముద్రం నుంచి చేపలు వచ్చే అనేక నదులలో 14 అంగుళాల లోపు ట్రౌట్‌ను ఉంచుకోరాదన్న నియమం ఈ పిల్లల కోసమే.

ఇతర చేపలతో పొరపాటు పడకుండా రెండు మాటలు. దవడ కింద ఎర్రటి గీత ఉంటే అది కట్‌త్రోట్. కోహో సాల్మన్‌కు తోక పై సగంలోనే మచ్చలుంటాయి. చినూక్‌కు చిగుళ్ళు నల్లగా ఉంటాయి. స్టీల్‌హెడ్‌కు నోరూ చిగుళ్ళూ తెల్లగా, తోక చివర దాదాపు తిన్నగా ఉంటాయి. పొట్ట వైపు చివర ఉండే రెక్కలో ముళ్ళు 12కు మించవు. సాల్మన్‌కు అవి 13, అంతకన్నా ఎక్కువ.

సందేహం పూర్తిగా తీర్చగలిగేది చేప పొలుసే. దానిని సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రటి గీతలు వరుసగా కనిపిస్తాయి. నదిలో తిండి తక్కువ కనుక ఆ కాలపు గీతలు దగ్గర దగ్గరగా, సముద్రంలో తిండి ఎక్కువ కనుక ఆ కాలపు గీతలు ఎడం ఎడంగా ఉంటాయి. ఎన్నేళ్ళు నదిలో ఉంది, ఎన్నేళ్ళు సముద్రంలో ఉంది, ఇంతకు ముందు గుడ్లు పెట్టిందా అన్నది కూడా అందులో చదవవచ్చు. చేప తలలో ఉండే చెవిరాయి ఇంకా ముందుకు పోతుంది: దాని నడిమధ్యలో, సముద్రపు నీటిలో ఎక్కువగా ఉండే స్ట్రాన్షియం అనే మూలకం పాళ్ళు కొలిచి, ఆ చేప తల్లి సముద్రం నుంచి వచ్చినదా కాదా అన్నది కూడా చెబుతారు. ఇవి శాస్త్రజ్ఞుల పనులు. చనిపోయిన చేప నుంచి తప్ప చెవిరాయి తీయడం కుదరదు. బతికి ఉన్న చేప పొలుసు మీరు పీకవద్దు.

మీకు దగ్గరలో ఉన్న సీడర్ నది గురించి చెప్పకుండా ఉండలేను. ఒకప్పుడు లేక్ వాషింగ్టన్ మీదుగా ఈ నదికి శీతాకాలపు స్టీల్‌హెడ్ వేల సంఖ్యలో వచ్చేది. 1980 దశకంలో బల్లార్డ్ లాకుల దగ్గర సముద్రసింహాలు ఎక్కిరాబోయే చేపలను కాచుకుని తినడం దేశమంతటా వార్త అయింది. దానికి ఇతర కారణాలు కూడా తోడై ఆ రాక దాదాపు నిలిచిపోయింది. అయినా సీడర్ నదిలో రెయిన్‌బోలు ఈనాటికీ పుష్కలంగా ఉన్నాయి. జాతి మిగిలింది, సముద్రానికి పోయి వచ్చే జీవనం పోయింది. నదిలో ట్రౌట్ ఎక్కువగా ఉంది కదా, స్టీల్‌హెడ్‌కు ఏమీ కాలేదు అని ఎవరైనా మీతో అంటే ఈ నదిని చూపించండి.

చివరిగా, అడిపోజ్ రెక్క ఉన్న పెద్ద చేప మీ గాలానికి పడినప్పుడు చేయవలసినవి. వాషింగ్టన్ నదులలో వదిలివేయవలసిన స్టీల్‌హెడ్‌ను నీటిలో నుంచి పూర్తిగా పైకి ఎత్తడం చట్టవిరుద్ధం. ఫొటో కావాలంటే చేప నీటిలో ఉండగానే తీయండి. మొన వెనుక ముల్లు లేని గాలమే వాడండి, ముడులు లేని వల వాడండి, చేతులు తడి చేసుకున్నాకే ముట్టుకోండి, మొప్పలలో వేళ్ళు పెట్టకండి. తలను ప్రవాహానికి ఎదురుగా ఉంచి, అది తనంత తానే తోక ఆడించే దాకా పట్టుకుని ఉండండి. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టి చనిపోతుంది. స్టీల్‌హెడ్ బతికి బయటపడితే సముద్రానికి పోయి మరుసటి సారి మళ్ళీ గుడ్లు పెట్టడానికి రాగలదు.

రెక్క లేని హేచరీ చేపను ఉంచుకునేటట్లయితే, 15 ఏళ్ళ లోపు పిల్లలకు లైసెన్సు అక్కరలేకపోయినా పట్టిన చేపలు నమోదు చేసే కార్డు తప్పనిసరి. మళ్ళీ గాలం విసరక ముందే అందులో తేదీ, నది వివరాలు పెన్నుతో రాయండి. నియమాలు నదికొక రకంగా ఉంటాయి, సంవత్సరం మధ్యలో కూడా మారుతుంటాయి. కనుక బయలుదేరే రోజు ఉదయం చేపల శాఖ వారి నియమాల పుస్తకమో ఫోన్ యాప్‌నో తెరిచి, మీరు వెళ్ళే నది పేరు దగ్గర ఏమి రాసి ఉందో నాన్నతో కలిసి చదవండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య